ఇంట్లో పెద్దవాళ్లకు బొక్కల (ఎముకల) నొప్పి తగ్గడం లేదా? క్యాన్సర్ అనుమానం వస్తే ఏం చేయాలి

అరవై దాటినవాళ్లకు నడుము, మోకాళ్లు నొయ్యడం మన వరంగల్ వైపు వింతేమీ కాదు. ఏళ్ల తరబడి పత్తి చేన్లలో, మిరప తోటల్లో వంగి పనిచేసినవాళ్లకు నొప్పి లేకపోతేనే ఆశ్చర్యం. అందుకే బొక్కలో క్యాన్సర్ మొదలైనా చాలా ఇళ్లలో అది నెలల తరబడి వయసు నొప్పి కిందే జమవుతుంది. గోలీ, సూది, మాలిష్, మళ్లీ సూది. హనుమకొండలోనో జనగామలోనో ఎక్స్‌రే తీసేసరికి బొక్క విరిగి ఉంటుంది.

ఏ పని ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో వరుసగా చెప్తాను. అంతకంటే ముందు ఒక విషయం తెలుసుకోండి. పెద్దవయసులో బొక్కలో కనిపించే క్యాన్సర్ చాలావరకు బొక్కలో పుట్టింది కాదు. రొమ్ము, ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రసంచి కింద ఉండే గ్రంథి), ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్ లాంటి చోట మొదలై బొక్కకు పాకిందై ఉంటుంది. కాకుంటే మల్టిపుల్ మైలోమా, అంటే బొక్కల లోపలి మూలుగలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సర్. బొక్కలోనే పుట్టేవి అరుదు. పెద్దవాళ్లలో వాటిలో ముఖ్యమైనది కాండ్రోసార్కోమా. టీనేజీ పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఆస్టియోసార్కోమా అరవై తర్వాత మళ్లీ కొందరిలో కనిపిస్తుంది.

దేని వైద్యం దానిదే. ప్రోస్టేట్ నుంచి పాకినదానికి హార్మోన్ సూదులతో ఏళ్లు గడిపేవాళ్లు ఉన్నారు. మైలోమాకు గోలీలు, చర్మం కింద ఇచ్చే సూదులు ఉన్నాయి. కాండ్రోసార్కోమాకు మాత్రం ఆపరేషనే దారి, కీమోకు అది పెద్దగా లొంగదు. బొక్క క్యాన్సర్ అనగానే కాలు తీసేస్తారని బెదిరిపోయి దవాఖానకే పోనివాళ్లను చూశాను. వాళ్లలో చాలామందికి ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

నొప్పిని గమనించండి

అరుగుదల నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. క్యాన్సర్ నొప్పి పడుకున్నా వదలదు, రాత్రి నిద్రలోంచి లేపుతుంది. ఒకేచోట ఉంటూ వారం వారం పెరుగుతుంది. దానితోపాటు తిండి సయించకపోవడం, బరువు తగ్గడం, కారణం లేకుండా నీరసం ఉంటే ఇక ఆలోచించకండి. బిందె ఎత్తినందుకో, గడప దగ్గర తడబడినందుకో బొక్క విరిగిందంటే అది మామూలు దెబ్బ కాదు. అవ్వకు పదేళ్ల కింద రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైందా? ఆమె నడుము నొప్పిని మామూలు నొప్పి అనుకోవద్దు. అది అన్నేళ్ల తర్వాత కూడా బొక్కల్లో తేలవచ్చు.

రెండు మూడు వారాలు చూశాక కూడా రాత్రి నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి. పత్తి ఏరడం అయ్యాక పోదాం, పెళ్లి అయ్యాక పోదాం, మేడారం జాతర దాటాక పోదాం అంటూ వాయిదా వేయకండి.

ఆలోపు ఆపేయాల్సినవి

మాలిష్ ఆపండి. లోపల గుల్లబారిన బొక్కను గట్టిగా రుద్దితే విరగవచ్చు. నాటు కట్టు కూడా వద్దు. కట్టు కింద గడ్డ పెరుగుతూనే ఉంటుంది, మనకు కనిపించదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రోజు విడిచి రోజు వేయించుకునే డైక్లోఫెనాక్ సూది పూట నొప్పి తగ్గిస్తుంది, నిజమే. కానీ ముసలివాళ్ల కిడ్నీలకు అది మంచిది కాదు. ఉన్నది మైలోమా అయితే ఆ జబ్బే కిడ్నీలను దెబ్బతీస్తుంటుంది, ఈ సూది దానికి తోడవుతుంది. పరీక్షలు అయ్యేదాకా డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ కొంత మేలు. పసరు మందులు, భస్మాలు ఏమైనా వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, తిట్లు పడినా సరే.

ఈ లక్షణాలుంటే చదవడం ఆపి వెంటనే బయల్దేరండి

నడుము నొప్పి ఉన్న పెద్దాయనకు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి నడుము దాకా ఎక్కినా, మూత్రం బిగిసినా, తెలియకుండా మలం పోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. తెల్లారేదాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేయండి. వరంగల్ దగ్గర్లో ఉంటే ఎంజీఎం ప్రభుత్వ దవాఖాన అత్యవసర విభాగానికి తీసుకుపోండి. "వెన్నులో క్యాన్సర్ అనుమానం ఉంది, నిన్నటినుంచి కాళ్లు ఆడడం లేదు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎంఆర్ఐ, స్టెరాయిడ్ సూది, ఆ తర్వాత రేడియేషనో ఆపరేషనో గంటల లెక్కన జరగాలి. ఇంకా నడవగలిగే స్థితిలో వైద్యం మొదలైనవాళ్లు తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయాక పోతే చాలామందికి తిరిగి రావు.

ఇంకోటి కూడా అత్యవసరమే. విపరీతమైన దాహం, మాటిమాటికి మూత్రం, మలబద్ధకం, పొంతన లేని మాటలు. రక్తంలో కాల్షియం పెరిగితే ఇలా అవుతుంది. వయసుకు చాదస్తం వచ్చిందని ఊరుకోకండి. సెలైన్, మందులతో ఇది చాలావరకు దారికొస్తుంది. బొక్కలు బలహీనంగా ఉన్నాయని ఎవరో చెప్పారని కాల్షియం గోలీలు మీరే మొదలుపెట్టవద్దు.

మొదటి పరీక్షలు ఇక్కడే చేయించండి

వీటికోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. నొప్పి ఉన్నచోట ఎక్స్‌రే, రక్తంలో సీబీపీ, ఈఎస్ఆర్, క్రియాటినిన్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మొత్తం ప్రోటీన్, ఆల్బుమిన్ చేయించండి. మగవాళ్లకు ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ కూడా. ఎంజీఎంలో, జిల్లా దవాఖానల్లో వీటిలో చాలావరకు జరుగుతాయి. తొడ ఎక్స్‌రే తీస్తుంటే తుంటి నుంచి మోకాలి దాకా బొక్క మొత్తం పడేలా తీయమనండి. సగమే తీస్తే రెండో మచ్చ బయటే ఉండిపోవచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక మీరే ఒక చిన్న లెక్క చేయవచ్చు. మొత్తం ప్రోటీన్ లోంచి ఆల్బుమిన్ తీసేయండి. మిగిలేది గ్లోబ్యులిన్, మామూలుగా 2 నుంచి 3.5 మధ్య ఉంటుంది. మొత్తం 9.8 ఉండి ఆల్బుమిన్ 3 ఉందనుకోండి, మిగిలింది 6.8. పక్కన హీమోగ్లోబిన్ తక్కువ, ఈఎస్ఆర్ వంద దాటి, క్రియాటినిన్ ఎక్కువ కనిపిస్తే డాక్టరును నేరుగా అడగండి: "సార్, మైలోమా ఏమో, సీరమ్ ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ రాస్తారా?" ఈ పేరు కాగితం మీద రాసుకుపోండి. రద్దీ ఓపీలో రెండు నిమిషాలే దొరుకుతాయి, ఆ కాగితం పనికొస్తుంది. అయితే లెక్క మామూలుగా వచ్చినంత మాత్రాన మైలోమా లేదని కాదు. కొందరిలో ఫ్రీ లైట్ చైన్ అనే ఇంకో రక్త పరీక్షలోనే బయటపడుతుంది. బొక్కలన్నిటికీ తీసే బోన్ స్కాన్ మైలోమాను తరచూ పట్టుకోలేదు. దానికి సీటీ, పెట్ సీటీ, ఎంఆర్ఐ లాంటివి కావాలి.

మచ్చ కనబడగానే క్యాన్సర్ అని కూడా అనుకోవద్దు. వెన్నుపూస టీబీ మన దగ్గర తక్కువేమీ కాదు, ఎంఆర్ఐలో ఒక్కోసారి క్యాన్సర్ లాగే ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికినవాళ్ల బొక్కలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా వస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకినా అలాగే కనిపిస్తుంది. మీ బాపు (నాన్న) నల్గొండ వైపు పెరిగి ఇటు వచ్చినవాడైతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ముక్క తీయకుండా ఊహమీద నెలల తరబడి టీబీ మందులు మింగించడం మాత్రం వద్దు.

ముక్క పరీక్షకు తొందరపడొద్దు

ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. దీని దగ్గర ఒక్కసారి ఆగండి. గడ్డ బొక్కలోనే పుట్టిందేమో అన్న అనుమానం ఉంటే, తర్వాత ఆపరేషన్ చేసే డాక్టరే లేదా ఆయన చెప్పినచోటే ముక్క తీయాలి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగలవచ్చు కాబట్టి ఆపరేషన్‌లో ఆ దారిని కూడా తీసేస్తారు. అడ్డదిడ్డంగా కోస్తే కాలు నిలబెట్టగలిగిన కేసులో కూడా కాలు పోవచ్చు.

దీనికంటే ఎక్కువగా జరిగే ముప్పు ఇంకొకటి. తొడ బొక్క విరిగిందని బొక్కల డాక్టరు దగ్గరికి పోతారు, అదే రాత్రి రాడ్ వేసేస్తారు. అది పాకిన క్యాన్సరో మైలోమానో అని ముందే తేలితే రాడ్ వేయడం మంచి వైద్యమే. తేలకుండా వేస్తే, అది కాండ్రోసార్కోమా అయితే, రాడ్ పోయిన దారంతా కణాలు పరుచుకుంటాయి. కాబట్టి బొక్కలో ఒకేఒక్క మచ్చ ఉండి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే రాడ్‌కు సంతకం పెట్టే ముందు అడగండి: "ముక్క పరీక్ష అయిందా సార్? ఇది దేని నుంచి వచ్చింది?" ఒకటి రెండు వారాలు కాలికి సపోర్టు పెట్టి ఆగడం వల్ల సాధారణంగా కొంపేమీ మునగదు.

ముక్క తీశాక స్లైడ్లు, మైనం బ్లాకులు (ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మలు) వదిలేసి రావద్దు. ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని భద్రపరచండి. హైదరాబాద్‌లో మళ్లీ చూస్తామంటారు. అవి లేకపోతే మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరుగుతుంది. బొక్క ముక్కను ముందు మెత్తబరచాలి కాబట్టి రిపోర్టు మామూలు ముక్కకంటే ఆలస్యంగా వస్తుంది. రోజూ ఫోన్ చేసి టెన్షన్ పడకండి.

ఫైలు, కార్డులు, ప్రయాణం

ఒక ఫైలు కొని కాగితాలన్నీ తేదీ వారీగా పెట్టండి, కొత్తది పైన. మొదటి పేజీలో మీ చేతిరాతతో నొప్పి ఎప్పుడు మొదలైంది, షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారో రాయండి. మందుల ఖాళీ స్ట్రిప్పులు కవర్లో వేసుకోండి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉండటం మన ఊళ్లలో మామూలే. ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర అదే అడ్డం పడుతుంది. మీసేవలో ముందే సరిచేయించండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ అందులో ఉన్నాయి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఏ మందు ఏ కార్డు కింద వస్తుందో దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడగండి, వైద్యం మొదలయ్యాక కాదు, ముందే. అందులో రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు సర్కారు భరిస్తుందని ఇచ్చే పత్రం) తెచ్చుకోవచ్చు. దవాఖాన ఇచ్చే ఖర్చు అంచనా కాగితంతో ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి.

హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. మైలోమా, మూలుగ మార్పిడి లాంటివాటికి పంజాగుట్ట నిమ్స్ ఉంది. బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. ఎక్కడికి పోయినా పొద్దున్నే ఓపీకి చేరండి. రాత్రికి ఉండాల్సి వస్తుందన్న లెక్కతోనే బయల్దేరండి. క్యాన్సర్ రోగికి, తోడు పోయే ఒకరికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది. దవాఖాన ఇచ్చే నిర్ణీత సర్టిఫికెట్ కావాలి. కాజీపేట నుంచి రైలే నయం. నడుము బొక్కలో జబ్బు ఉన్నవాళ్లను బస్సు వెనక సీట్లో కూర్చోబెడితే ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గర ప్రాణం పోతుంది. వెన్నుపూస విరిగి ఉంటే పడుకోబెట్టి అంబులెన్సులోనే తీసుకుపోండి.

వైద్యం గురించి డాక్టరును అడగాల్సినవి

"ఈ వయసులో ఇవన్నీ ఎందుకు" అని బంధువుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వైద్యం తట్టుకుంటారా లేదా అన్నది ఆధార్ కార్డులోని పుట్టిన తేదీ చెప్పదు. మొన్నటిదాకా తన పని తాను చేసుకున్నారా, కిడ్నీలు, గుండె ఎలా ఉన్నాయి అన్నవి చెప్తాయి. జబ్బు పూర్తిగా పోదని తెలిసినా నొప్పి తగ్గించి, లేచి కూర్చునేలా చేసే వైద్యం ఉంది. పాకిన జబ్బుతో నొప్పి పెట్టే బొక్కకు చాలాసార్లు ఒక్కరోజు రేడియేషన్ సరిపోతుంది. అన్నిరోజులు రెడ్‌హిల్స్‌లో ఎక్కడుంటామని దాన్ని వద్దనుకునే ముందు "ఒకే సిట్టింగ్‌లో ఇవ్వవచ్చా?" అని అడగండి. నొప్పి ఆ రోజే తగ్గదు, ఒకట్రెండు వారాలు పట్టవచ్చు. మొదటి రెండు మూడు రోజులు కొంచెం పెరిగినా కంగారు పడకండి.

బొక్క బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ సూది ఇస్తారు. మొదటి సూదికి ముందే పళ్ల డాక్టరుకు చూపించండి. ఊగే పన్ను, పుచ్చు పన్ను ఉంటే అప్పుడే తీయించి మానిపించాలి. సూదులు మొదలయ్యాక పన్ను పీకితే దవడ బొక్క మానకుండా పుండు పడే ప్రమాదం ఉంది. జర్దా, గుట్కా అలవాటుతో నోరు పాడైనవాళ్లు మన దగ్గర ఎందరో. ఈ ఒక్కమాట చాలా ఓపీల్లో హడావిడిలో జారిపోతుంది, మీరు గుర్తుపెట్టుకోండి.

మైలోమా మందులతోపాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, దాంతో షుగరు ఎగురుతుంది. ఆ రోజుల్లో గ్లూకోమీటరుతో చూస్తూ ఉండండి. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తే ఓర్చుకోమనకుండా డాక్టరుకు చెప్పండి, మోతాదు మారుస్తారు.

ఇంట్లో

కింద కూర్చునే లెట్రిన్ ఇక వద్దు. గొంతుకూర్చుని లేవడంలోనే తొడ మీద భారమంతా పడుతుంది. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మంచం పక్కనే పెట్టుకోవచ్చు. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి. నడిచే దారిలో చాప, వైరు, తడి లేకుండా చూడండి.

వెన్ను జబ్బున్న మనిషిని పక్కకు తిప్పడానికి ఇద్దరు కావాలి. మంచం మీద పరిచిన దుప్పటి పైన, మనిషి కింద ఇంకో చిన్న దుప్పటి, భుజాల నుంచి మోకాళ్ల దాకా వచ్చేలా అడ్డంగా పరచండి. మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. రెండు చేతులూ ఛాతీమీద పెట్టుకోమనండి. ఇద్దరూ ఒకే పక్కన నిలబడి, ఆ చిన్న దుప్పటికి అవతలి వైపు అంచును భుజం దగ్గర ఒకరు, తుంటి దగ్గర ఒకరు పట్టుకోండి. "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఒకేసారి మీవైపు లాగాలి. భుజం ముందు, నడుము తర్వాత రాకూడదు, మెలిక పడితే బొక్క విరుగుతుంది. తిప్పాక వీపు వెనక దిండు సర్ది, మడమలు, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. చేయి పట్టి గుంజి లేపడం పూర్తిగా మానేయండి.

నొప్పికి మార్ఫిన్ గోలీలు రాస్తే భయపడవద్దు. చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడితే వ్యసనంగా మారడం అరుదు. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. మొదటి కొన్ని రోజులు మత్తు, వాంతి వచ్చినట్టు ఉండటం తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే విరేచనానికి మందు మొదటిరోజు నుంచే ఇవ్వాలి. మరీ మత్తుగా ఉండి పిలిస్తే లేవకపోతే, శ్వాస నెమ్మదిస్తే తర్వాతి గోలీ ఇవ్వకుండా వెంటనే దవాఖానకు పోండి.

కల్లు సంగతి దాచవద్దు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటి మత్తుమందులు కలపడం మన దగ్గర అందరికీ తెలిసిందే. దాని మీద మార్ఫిన్ పడితే శ్వాస ఆగవచ్చు. అలాగని రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేసినా వణుకు, ఫిట్స్ రావచ్చు. ఎంత తాగుతారో డాక్టరుకు ముందే చెప్తే ఆపే పద్ధతి చెప్తారు.

తిండిలో పథ్యాలు పెట్టకండి. గట్క, పెరుగు, గుడ్డు, పప్పు, ఏది సయిస్తే అది, కొంచెం కొంచెంగా. నీళ్లు బాగా తాగాలి. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో డాక్టరు నీళ్లు తగ్గించమని ఉంటే తప్ప.

జబ్బు పేరు బాపుకు చెప్పాలా వద్దా అని ఇంట్లో గొడవ వస్తుంది. గుసగుసలు పెట్టి దాచితే ఆయనకు సగం తెలియనే తెలుస్తుంది. ఆయన్నే అడగండి: "బాపూ, డాక్టరు చెప్పినవన్నీ నీకు చెప్పమంటవా, నన్నే చూసుకొమ్మంటవా?" చెప్పమంటే చెప్పండి, ఆయన అడిగినంతవరకే. నువ్వే చూసుకో బిడ్డా అన్నాడంటే అదీ ఆయన ఇష్టమే, పత్తి డబ్బులు ఎవరి దగ్గర ఉన్నాయో మాత్రం ఆ రోజే మాట్లాడేసుకోండి.

ఇక మందులతో జబ్బు ఆగదని డాక్టర్లు చెప్పేసినా ఇంటికి తెచ్చి ఊరికే పడుకోబెట్టనక్కర్లేదు. ఎంఎన్‌జేలో నొప్పి నివారణకు వేరే విభాగం ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ వార్డులు, ఇళ్లకు వచ్చే ఆలన వాహనాలు నడుస్తున్నాయి. మీ మండలానికి ఏ రోజు వస్తారో జిల్లా దవాఖానలో కనుక్కోండి, ఆశా కార్యకర్తకు కూడా చెప్పి ఉంచండి. మార్ఫిన్ మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు కాబట్టి డబ్బాలో వారానికి సరిపడా గోలీలు మిగిలి ఉండగానే చీటీ పట్టుకుని బయల్దేరండి. పండుగ సెలవులు వస్తుంటే ఇంకా ముందే.